సెబస్తియా కొండ ఎవరిది అంటే, లెక్క ఏ సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి?

2025 నవంబర్‌లో ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్ నుంచి ఒక వార్త వచ్చింది, మన దగ్గర పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నాబ్లస్ నగరం పక్కన సెబస్తియా అనే ఊళ్లో పురావస్తు స్థలాన్ని కాపాడాలి, డెవలప్ చేయాలి అంటూ దాదాపు 1,800 దునాముల భూమి స్వాధీనం చేసుకోవడానికి ఇజ్రాయెల్ నోటీసు ఇచ్చింది. దునాము అంటే వెయ్యి చదరపు మీటర్లు, మన లెక్కలో పావు ఎకరం, అంటే మొత్తం ఓ 450 ఎకరాలు. ఆ ఊరి జనాభా చూస్తే మూడు వేల పైచిలుకు, అంతే. పోయే భూమిలో వేల ఆలివ్ చెట్లున్నాయి.

ఇది మా పాత రాజధాని అని ఇజ్రాయెల్ వాళ్లు అంటారు. ఇది మేం పుట్టి పెరిగిన ఊరు, ఆ చెట్లు మా తాతలు పెట్టినవి అని ఊరి వాళ్లు అంటారు. రెండూ అబద్ధం కావు, చిక్కంతా అక్కడే ఉంది. వార్త నాలుగు లైన్లు చదివి ఎవరో ఒకరి పక్షాన కామెంట్ పెట్టేయడం ఈజీనే గానీ, అసలు ఈ కొండ మీద ఏం జరిగిందో మొదటి నుంచి చూస్తే రాజధాని అన్న ఒక్క ముక్క దగ్గర కథ ఆగదని అర్థమవుతుంది.

ముందు ఆ నేల సంగతి. నాబ్లస్ నుంచి వాయవ్యంగా ఓ పది పన్నెండు కిలోమీటర్లు వెళ్తే, చుట్టూ లోయలు, మధ్యలో విడిగా లేచిన గుండ్రటి కొండ, సముద్ర మట్టానికి నాలుగు వందల మీటర్ల పైన. ఇప్పటి ఊరు ఆ కొండకి తూర్పు వైపు వాలులో ఉంది, శిథిలాలు పైన, పడమటి వైపు. వాతావరణం బాగుంటే పైనుంచి పడమట మధ్యధరా సముద్రం కనపడుతుంది. కింద లోయని వాదీ అల్ షయీర్ అంటారు, బార్లీ లోయ అని. నాబ్లస్ నుంచి సముద్రం ఒడ్డుకి పోయే దారి ఈ లోయలోంచే, ఉత్తరాన జెనీన్ వైపు, అటునుంచి యెజ్రెయేలు మైదానానికి పోయే దారి కూడా ఇక్కడే కలుస్తుంది. అంటే ఈ కొండ మీద కూర్చున్నవాడికి రెండు పెద్ద దారులూ కళ్ల ముందే, పైగా నాలుగు వైపులా వాలు కాబట్టి శత్రువు ఎటునుంచి వచ్చినా ఎక్కి రావాల్సిందే. ఒక్క లోపం ఏంటంటే నీళ్లు. కొండ మీద ఊట లేదు. రాతిలో తొలిచిన తొట్లలో వాన నీళ్లు పట్టుకోవాలి, లేదంటే నాఖూరా అనే పక్క ఊరి ఊటల నుంచి తెచ్చుకోవాలి. ఈ నీళ్ల సంగతి గుర్తు పెట్టుకోండి, ముట్టడి వచ్చినప్పుడు ఇలాంటి ఊరికి కత్తులకంటే ఆకలీ దాహమే పెద్ద భయం.

తెలుగు బైబిల్ చదివే ఇళ్లలో ఈ కొండ అందరికీ తెలిసిందే, పేరు వేరే అంతే. పాత నిబంధనలో షోమ్రోను, కొత్త నిబంధనలో సమరయ అని వచ్చేది ఇదీ, దీని చుట్టూ ఉన్న ప్రాంతమూ. 1 రాజులు 16వ అధ్యాయంలో ఒమ్రీ అనే రాజు షెమెరు అనేవాడి దగ్గర ఈ కొండని వెండి ఇచ్చి కొన్నాడని ఉంటుంది. యుద్ధం చేసి లాక్కోలేదు, డబ్బిచ్చి కొన్నాడు, ఇది నాకు భలే అనిపిస్తుంది. క్రీ.పూ. 880 ప్రాంతం. అప్పటిదాకా ఇజ్రాయెల్ ఉత్తర రాజ్యానికి రాజధాని తిర్సా, అది తూర్పు వైపు యొర్దాను లోయకి దిగే దారి మీద ఉంది. ఒమ్రీ మాత్రం పడమటి వైపు చూశాడు, సముద్ర తీరంలో ఫినీషియా వాళ్లతో వ్యాపారం, పొత్తు కావాలి. కొడుకు అహాబుకి సీదోను రాజు కూతురు యెజెబెలుని చేసుకున్నది కూడా ఆ లెక్కలోనే. అంటే రాజధాని మారడం వెనక ఉన్నది దారులూ మార్కెట్టూ.

ఆ కాలం నుంచి తవ్వకాల్లో దొరికినవాటిలో జనం ఎక్కువగా చెప్పుకునేది ఏనుగు దంతం చెక్కడాలు. అహాబు దంతపు ఇల్లు కట్టించాడని బైబిల్లో ఉంది, ఆమోసు ప్రవక్త దంతపు మంచాల మీద పడుకునే షోమ్రోను ధనవంతుల్ని తిట్టిపోశాడు, ఆ మంచాలకీ సామాన్లకీ అతికించేలాంటి ముక్కలే వందల కొద్దీ దొరికాయి, తామరలు, సింహాలు, ఈజిప్టు దేవుళ్ల బొమ్మలతో సహా.

కానీ నన్నడిగితే అసలు నిధి అది కాదు, కుండ పెంకులు. 1910లో హార్వర్డ్ వాళ్ల తవ్వకాల్లో రాజభవనం పక్కన ఒక బిల్డింగ్ నేల కింద సిరాతో రాసిన పెంకులు దొరికాయి, చదవడానికి వీలైనవి అరవైకి పైగా. క్రీ.పూ. 8వ శతాబ్దం నాటివి. వాటి మీద రాజుల గొప్పలు లేవు, దేవుడి మాటలూ లేవు. ఫలానా ఏడాది, ఫలానా ఊరి నుంచి, ఫలానా వాడికి, ఒక జాడీ పాత ద్రాక్షసారా. ఇంకో పెంకు మీద ఒక జాడీ కడిగిన నూనె, అంటే ఆలివ్ కాయని నలగ్గొట్టి నీళ్లు పోసి పైకి తేలింది తీసిన మేలు రకం నూనె. ఇలా పెంకు తర్వాత పెంకు. సింపుల్‌గా చెప్పాలంటే సరుకు రసీదులు. అందులో ఉన్న ఊళ్ల పేర్లలో కొన్నిటిని పండితులు ఇప్పటి పాలస్తీనా పల్లెల పేర్లతో పోల్చారు. యాసిత్ అని పెంకు మీద ఉంటే, సెబస్తియాకి ఈశాన్యాన యాసిద్ అనే ఊరు ఇప్పటికీ ఉంది. కొజో అంటే కూసీన్ అంటారు, అది నాబ్లస్ పక్కనే. రాజులు మారారు, భాష హీబ్రూ నుంచి అరామిక్‌కి, దాని తర్వాత అరబిక్‌కి మారింది, పల్లె పేరు మాత్రం నోటి నుంచి నోటికి 2,700 ఏళ్లు వచ్చేసింది, పండే పంట కూడా అదే ఆలివ్. ఊరు వదలకుండా ఎవరో ఒకరు ఉంటూ ఉంటేనే కదా పేరు నిలిచేది. ఆ పెంకులు ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉన్నాయి, తవ్వినప్పుడు ఇది ఇస్తాంబుల్ నుంచి ఏలిన ఆటోమన్ రాజ్యం కాబట్టి.

సరే, రాజ్యం ఎక్కువ కాలం నిలవలేదు. బైబిల్లోనే ఒక ముట్టడి కథ ఉంది, అరాము (ఇప్పటి సిరియా వైపు) రాజు చుట్టుముడితే ఊళ్లో కరువు వచ్చి గాడిద తల ఎనభై తులాల వెండికి అమ్ముడుపోయిందని. అప్పటికి తప్పించుకున్నారు గానీ క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు (అస్సిరియా) వాళ్లు మూడేళ్ల ముట్టడి తర్వాత ఊరిని పట్టుకున్నారు. సర్గోను రాజు తన శాసనంలో 27,290 మందిని తీసుకుపోయానని లెక్క రాయించుకున్నాడు. తీసుకుపోయినవాళ్లు పోగా పల్లెల్లో రైతులు చాలామంది మిగిలారు, బబులోను, కూతా, హమాతు లాంటి చోట్ల నుంచి కొత్త జనాన్ని తెచ్చి పెట్టారు. సమరయులు అనే సమాజం గురించి యూదులు చెప్పే కథ ఇక్కడ మొదలవుతుంది, వీళ్లు కలగలిసిన జనం అని. సమరయులు మాత్రం ఒప్పుకోరు, మేమే అసలు ఇశ్రాయేలీయులం అంటారు. వాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఎనిమిది వందల మందికి కాస్త ఎక్కువ, సగం మంది నాబ్లస్ పైన గెరిజీము కొండ మీద, మిగతావాళ్లు టెల్ అవీవ్ దగ్గర హోలోన్‌లో. అంటే ఈ కొండకి వారసులం అని చెప్పుకోగలిగిన మూడో వర్గం కూడా ఒకటుంది, కానీ వార్తల్లో వాళ్ల ఊసే రాదు.

తర్వాత పర్షియా కాలం, ఆ తర్వాత అలెగ్జాండర్. అతను ఈజిప్టులో ఉండగా ఇక్కడి వాళ్లు అతను పెట్టిన అధికారిని బతికుండగానే కాల్చేశారు, క్రీ.పూ. 331లో. శిక్ష ఘోరంగా పడింది. ఊరి పెద్దలు ఆగ్నేయాన వాదీ దాలియే అనే లోయ గుహలోకి పారిపోయారు, ఆడవాళ్లు పిల్లలతో సహా. 1962లో తామిరే అనే సంచార తెగ బెదూయిన్లకి ఆ గుహలో రెండు వందల దాకా అస్థిపంజరాలు దొరికాయి, పక్కనే మట్టి ముద్రలతో పపైరస్ చుట్టలు. ఆ చుట్టల్లో ఎక్కువ ఏముందో తెలుసా, బానిసల అమ్మకం పత్రాలు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని పారిపోతూ కూడా ఆస్తి కాగితాలు పట్టుకెళ్లారన్నమాట. కొండ మీద మాసిడోనియా సైనికుల్ని కాపురం పెట్టారు, గ్రీకు కాలంలో కట్టిన గుండ్రటి రాతి బురుజు ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ ఊరిని క్రీ.పూ. 108 ప్రాంతంలో యెరూషలేము నుంచి వచ్చిన యూదు పాలకుడు జాన్ హిర్కానస్ ఏడాది ముట్టడి చేసి నేలమట్టం చేశాడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా రాజధాని అనేవాళ్ల కథలో ఈ ముక్క వినపడదు, షోమ్రోనుని అంత కసిగా పాడు చేసింది యూదయ సైన్యమే.

ఇప్పటి పేరు మాత్రం రోమ్ కింద యూదయని ఏలిన రాజు హేరోదు పెట్టింది. క్రీ.పూ. 30లో రోమ్ పాలకుడు, తర్వాత ఆగస్టస్ చక్రవర్తి అయినవాడు, ఈ ఊరిని అతనికి ఇచ్చాడు, హేరోదు దాన్ని కొత్తగా కట్టి ఆగస్టస్‌కి గ్రీకులో వాడే సెబాస్తోస్ అన్న బిరుదు మీద సెబాస్తే అని పేరు మార్చాడు, ఒమ్రీ భవనం ఉన్న అదే చోట చక్రవర్తికి గుడి కట్టాడు, ఆ గుడి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆరు వేల మందిని తెచ్చి కాపురం పెట్టాడని 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు, వాళ్లలో చాలామంది తన దగ్గర పనిచేసిన సైనికులే. హేరోదు మరియమ్నేని పెళ్లి చేసుకున్నది ఈ ఊళ్లోనే, ఆవిడని చంపించిన చాలా ఏళ్ల తర్వాత ఆవిడ కడుపున పుట్టిన ఇద్దరు కొడుకుల్నీ పీక నులిమించి చంపించింది కూడా ఇక్కడే. సీరియల్ వాళ్లకి పదేళ్లకి సరిపడా సరుకు.

ఇప్పుడు టూరిస్టులు ఫొటోలు దిగే స్తంభాల వీధి, థియేటరు, ఫోరమ్ (రోమన్ ఊరి కూడలి) ఎక్కువ భాగం అంతకంటే తర్వాతివి, క్రీ.శ. 200 ప్రాంతం. రోమ్‌లో గద్దె కోసం సెప్టిమియస్ సెవెరస్‌కీ నైజర్‌కీ కొట్లాట వస్తే పక్కనున్న నాబ్లస్ ఓడినవాడి వైపు ఉంది, సెబాస్తే గెలిచినవాడి వైపు ఉంది. నాబ్లస్‌కి హక్కులు పోయాయి, సెబాస్తేకి రోమన్ కాలనీ హోదా, దాంతో పాటు ఈ రాతి కట్టడాలన్నీ వచ్చాయి. నాఖూరా ఊటల నుంచి కాలువ కట్టి నీళ్లు తెచ్చింది కూడా రోమన్ల కాలంలోనే. ఆ స్తంభాలు ఇప్పుడు ఆలివ్ చెట్ల మధ్య వరసగా నిలబడి ఉంటాయి, ఒక స్తంభం, ఒక చెట్టు, మధ్యలో దున్నిన ఎర్రమట్టి. పురాతన స్థలమూ పొలమూ విడివిడిగా ఉండవు అక్కడ. స్థలాన్ని కాపాడటానికి భూమి తీసుకుంటాం అంటే పొలం తీసుకున్నట్టే లెక్క, మొదట్లో చెప్పిన నోటీసు బరువు అది.

ఇంక ఊరి మధ్యలో ఉన్న మసీదు. బాప్తిస్మమిచ్చు యోహానుని చంపింది యొర్దాను అవతల మకేరస్ కోటలో అని జోసీఫస్ చెప్పాడు, కానీ శిష్యులు శరీరాన్ని తెచ్చి ఇక్కడ పాతిపెట్టారని క్రైస్తవుల నమ్మకం, 4వ శతాబ్దం నుంచి యాత్రికులు వస్తూనే ఉన్నారు. రోమన్ చక్రవర్తి జూలియన్ కాలంలో కొందరు ఆ సమాధి పగలగొట్టి ఎముకలు కాల్చారని పాత చరిత్రకారులు రాశారు. బైజాంటిన్ వాళ్లు చర్చి కట్టారు, 12వ శతాబ్దంలో క్రూసేడర్లు, అంటే యూరప్ నుంచి యుద్ధానికొచ్చిన క్రైస్తవులు, అదే చోట పెద్ద కెతీడ్రల్ కట్టారు, 1187లో ముస్లిం సుల్తాను సలాదీన్ సైన్యం వచ్చాక అది మసీదు అయింది. ముస్లింలకి యోహాను అంటే యహ్యా నబీ, ఖురాన్‌లో ఉన్న ప్రవక్త, అందుకే సమాధికి గౌరవం ఎక్కడికీ పోలేదు. నబీ యహ్యా మసీదు ఇప్పటికీ ఆ కెతీడ్రల్ గోడల లోపలే ఉంది, పక్కన మెట్లు దిగితే రాతి గదిలో సమాధి గూళ్లు. మతం మారినా మొక్కు అదే.

క్రూసేడ్ల తర్వాత నగరం కాస్తా పల్లె అయిపోయింది. ఆటోమన్ కాలం నాలుగు వందల ఏళ్లూ పన్ను కట్టే ఆలివ్ ఊరు, రోమన్ రాళ్లతో కట్టుకున్న ఇళ్లు, అంతే. చెప్పడానికి రాజుల కథలు లేవు కాబట్టి గైడు పుస్తకాలు ఈ శతాబ్దాలన్నిటినీ ఒక్క పేరాలో దాటేస్తాయి, నేనూ ఇప్పుడు అదే పని చేస్తున్నా అనుకోండి. కానీ గమనిస్తే ఈ కొండ మీద ఒమ్రీ కట్టిన రాజధాని నిలిచింది రెండు వందల ఏళ్ల లోపే, అరబిక్ మాట్లాడే పల్లె నిలిచింది దానికి ఎన్నో రెట్లు. 1908 నుంచి 1910 దాకా హార్వర్డ్ తరఫున రైస్నర్ బృందం, 1931 నుంచి 1935 దాకా క్రోఫుట్, కాథ్లీన్ కెన్యన్, సుకేనిక్ ఉన్న ఉమ్మడి బృందం తవ్వినప్పుడు పార పట్టింది ఈ ఊళ్ల వాళ్లే, వందల మంది. పేర్లు ప్రొఫెసర్లవి మిగిలాయి. మధ్యలో 1918లో ఆటోమన్లు పోయి బ్రిటిష్ వాళ్లు వచ్చారు. ఆ పాలస్తీనా యుద్ధంలో మన హైదరాబాద్ లాన్సర్స్ కూడా ఉన్నారు, ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లకి గుర్తుగా పెట్టిందే. 1948 తర్వాత జోర్డాన్, 1967 జూన్ నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణ.

ఇక్కడి నుంచి ఈ ఊరి పేరు ఇంకో రకంగా చరిత్రలోకి ఎక్కింది. ఊరికి పడమట కింద లోయలో మస్ఊదియే అనే పాత రైల్వే స్టేషన్ ఉంది, ఆటోమన్ వాళ్లు హెజాజ్ రైలుకి కొమ్మగా జెనీన్ మీదుగా వేసిన లైను, ఎప్పుడో మూతపడింది. ఆక్రమిత భూమిలో యూదుల ఊళ్లు (సెటిల్మెంట్లు) కట్టాలనే గుష్ ఎమునిమ్ అనే మతపరమైన ఉద్యమం 1974 జూలై నుంచి అక్కడ ఊరు కడతామని గుడారాలు వేయడం, సైన్యం లేపేయడం, మళ్లీ రావడం. అప్పటిదాకా లేబర్ ప్రభుత్వం జనం దట్టంగా ఉన్న ఈ ఉత్తర కొండల్లో సెటిల్మెంట్లు వద్దనుకుంది. 1975 నవంబర్ చివర్లో, యూదుల హనుక్కా పండగ రోజుల్లో, ఎనిమిదోసారి వేల మంది వచ్చి కూర్చున్నారు. అంతకు మూడు వారాల ముందే ఐక్యరాజ్య సమితి జియోనిజం (యూదులకి సొంత దేశం కావాలనే ఉద్యమం) ఒక రకం జాత్యహంకారమే అని తీర్మానం చేసింది, దాంతో ఇజ్రాయెల్ జనంలో కోపం మంచి ఊపు మీద ఉంది. రబిన్ ప్రధాని, పెరెస్ రక్షణ మంత్రి. బలవంతంగా లేపలేక రాజీ పడ్డారు, స్టేషన్ ఖాళీ చేయండి, ముప్పై కుటుంబాలు దగ్గర్లోని కదూమ్ ఆర్మీ క్యాంపులో ఉండొచ్చు అని. తాత్కాలికం అన్నారు. అదే కెదుమిమ్ సెటిల్మెంట్ అయింది. 1977లో బేగిన్ ప్రభుత్వం వచ్చాక ఇంక అడ్డే లేదు, ఆ ఏడాదే సెబస్తియా పక్కన షావే షోమ్రోన్ అనే సెటిల్మెంట్ వెలిసింది. ఉత్తర వెస్ట్ బ్యాంక్‌లో సెటిల్మెంట్ల చరిత్ర రాసేవాళ్లు ఎవరైనా సెబస్తియా రాజీ దగ్గర ఆగక తప్పదు, అది జరిగింది కూడా ఈ కొండ పేరు మీదే, నేల మీద కాదు.

తర్వాతది ఓస్లో గీత. 1995లో ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకులు చేసుకున్న రెండో ఓస్లో ఒప్పందం వెస్ట్ బ్యాంక్‌ని ఏ, బీ, సీ అని మూడు ముక్కలు చేసింది. 'ఏ' (A) ఏరియాలో పరిపాలన, పోలీసు రెండూ పాలస్తీనా అథారిటీవి, బీలో పరిపాలన వాళ్లది, భద్రత ఇజ్రాయెల్‌ది, సీలో దాదాపు అంతా ఇజ్రాయెల్‌ది, అరవై శాతం భూమి సీలోనే ఉంది. సెబస్తియా ఇళ్లు ఎక్కువగా బీలో పడ్డాయి, కొండ మీద శిథిలాలు సీలో పడ్డాయి. అంటే ఫోరమ్ పక్కన షాపు పెట్టుకున్నాయన ఒక చట్టం కింద, ఆయన షాపు ముందు స్తంభాలు ఇంకో చట్టం కింద. పైన ఉన్న రాయిని ఎత్తి నిలబెట్టాలన్నా, ఒక బోర్డు పెట్టాలన్నా ఊరి మునిసిపాలిటీకి ఇజ్రాయెల్ సివిల్ అడ్మినిస్ట్రేషన్ పర్మిషన్ కావాలి, అది రావడం కష్టం. పాలస్తీనా 2011లో యునెస్కోలో చేరింది, 2012 నుంచి సెబస్తియా దాని వారసత్వ సంపద తాత్కాలిక జాబితాలో ఉంది. బత్తీర్ 2014లో, హెబ్రోను 2017లో అసలు జాబితాలోకి ఎక్కేశాయి, సెబస్తియా ఇంకా వెయిటింగ్‌లోనే.

గొడవ బయటికి కనపడేది ఎక్కువగా జెండా దగ్గర. ఊరి వాళ్లు చౌరస్తాలో పాలస్తీనా జెండా కడతారు, సైనికులు వచ్చి తీసేస్తారు, మళ్లీ కడతారు. సైనికుల కాపలాతో ఇజ్రాయెల్ టూర్ బస్సులు వస్తాయి, ఆ రోజుల్లో ఊరి వాళ్లని పైకి పోనివ్వరు. 2023 మే నెలలో ఇజ్రాయెల్ ప్రభుత్వం ఈ స్థలానికి 3.2 కోట్ల షెకెళ్లు కేటాయించింది, 2024లో కొండ మీద ఒక ముక్కని సైనిక అవసరమని తీసుకుంది, 2025లో తవ్వకాలు మొదలుపెట్టింది, చివరికి ఈ 1,800 దునాములు. పురావస్తు విలువ పేరుతో వెస్ట్ బ్యాంక్‌లో ఇంత పెద్ద స్వాధీనం ఇంతకుముందు జరగలేదని ఇజ్రాయెల్‌లోనే పనిచేసే పీస్ నౌ సంస్థ అంటోంది.

ఇజ్రాయెల్ వాదన ఏంటంటే పాలస్తీనా వాళ్లు స్థలాన్ని పట్టించుకోవట్లేదు, దొంగ తవ్వకాలు జరుగుతున్నాయి, మా పూర్వీకుల రాజధాని పాడైపోతుంటే చూస్తూ ఊరుకోవాలా అని. దొంగ తవ్వకాలు వెస్ట్ బ్యాంక్ అంతటా నిజంగానే పెద్ద సమస్య. కానీ సీ ఏరియాలో కాపలా బాధ్యత ముప్పై ఏళ్లుగా ఎవరిది? ఊరి వాళ్లకి గోడ సరిచేసే హక్కు కూడా లేనప్పుడు పట్టించుకోవట్లేదని వాళ్లనే అనడం ఎక్కడి న్యాయం? చట్టం సంగతి చూస్తే ఆక్రమించిన దేశం అక్కడి సాంస్కృతిక సంపదని కాపాడటంలో స్థానిక అధికారులకి సాయం చేయాలని 1954 హేగ్ ఒప్పందం చెప్తుంది, ఇజ్రాయెల్ అందులో సభ్య దేశమే. ఆక్రమిత ప్రాంతంలో తవ్వకాల్ని కట్టడి చేసే 1999 రెండో ప్రోటోకాల్ మీద మాత్రం సంతకం పెట్టలేదు. 2024 జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం ఆక్రమణే చట్టవిరుద్ధం అని అభిప్రాయం చెప్పింది, నేల మీద దాని ప్రభావం ఎంతో మీరే చూస్తున్నారు.

ఈ స్థలంలో ఇజ్రాయెల్ కట్టాలనుకుంటున్న పురావస్తు పార్కు తయారయ్యాక పరిస్థితి ఏంటన్నదే ఇప్పుడు ఊరి వాళ్ల దిగులు. ఇప్పటిదాకా ఎవరొచ్చినా ఊరి మీదుగానే రావాలి, ఫోరమ్ పక్కన టీ తాగాలి, భోజనం చేయాలి, ఊళ్లో కాసిని డబ్బులు ఆడేది ఆ టూరిస్టుల వల్లే. ఊరితో పని లేకుండా సెటిల్మెంట్ వైపు నుంచి రోడ్డు వేసి, చుట్టూ కంచె కట్టి, గేటు దగ్గర టికెట్ పెడితే ఆ షాపులు మూసుకోవాల్సిందే. అక్టోబర్, నవంబర్ వస్తే ఆలివ్ కాయ కోత, కంచె లోపల పడిన చెట్ల కాయ కోసుకోవడానికి సైన్యం తారీఖు ఇస్తేనే లోపలికి పోవాలి, వెస్ట్ బ్యాంక్‌లో సెటిల్మెంట్ల పక్కన పొలాలున్న చాలామందికి ఇప్పటికే అదే పరిస్థితి, ఏడాదికి రెండు మూడు రోజులు ఇస్తారు, ఒక్కోసారి అదీ ఇవ్వరు.